టైమెంతైంది భాయ్?

చార్మినార్ దగ్గర ఓ ఇరుకు గల్లీ. అందులో ఓ గాజుల దుకాణం. రాత్రి పూట గల్లా పెట్టెలో డబ్బు మాయమైంది. సీసీ కెమెరా చూస్తే... నీలం చొక్కా వేసుకున్న ఓ కుర్రాడు. ముఖం కనపడలేదు, వీపు మాత్రమే కనపడింది. తెర మీద టైము 8:40.

గల్లీ చివర ఇంకో కెమెరా. అందులో 8:41కి నీలం చొక్కా కుర్రాడొకడు నడిచి వెళుతున్నాడు. ఈసారి ముఖం స్పష్టంగా ఉంది. ఇంకేముంది... దొంగ దొరికినట్టే!

కానీ చిన్న చిక్కుంది. గాజుల దుకాణంలో రికార్డరు గడియారం పాతిక నిమిషాలు ముందుంది. అంటే చోరీ జరిగింది 8:15కి. ఆ సమయానికి ఆ కుర్రాడు మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో అమ్మకి మందులు కొంటున్నాడు. కెమెరా అబద్ధం చెప్పలేదు. దాని గడియారం చెప్పింది!

ఇదంతా ఊహే. కానీ జరగడానికి వీల్లేని ఊహ కాదు. వీధికి నాలుగు కెమెరాలున్న ఈ రోజుల్లో నాలుగింటి గడియారాలూ నాలుగు టైములు చూపిస్తే, ఒక మనిషి నిర్దోషిత్వమే ఆ నిమిషాల మధ్య నలిగిపోతుంది. అందుకే బ్యాంకులూ, ఆసుపత్రులూ, ఫోను కంపెనీలూ, కంట్రోలు రూములూ... గోడ గడియారాన్ని నమ్ముకోకుండా ఓ చిన్న పెట్టెని తెచ్చి పెట్టుకుంటున్నాయి. అడుగున్నర వెడల్పు, రెండంగుళాల ఎత్తు కూడా ఉండదు. ఇనుప ర్యాకులో ఓ మూలన కూర్చుని, అడిగిన ప్రతి యంత్రానికీ ‘ఇదిగో టైము’ అని చెప్పడమే దాని పని. పేరు... నెట్‌వర్క్ టైమ్ సర్వర్.

గడియారాల బస్తీ

టైము కోసం తంటాలు పడటం పాతబస్తీకి కొత్తేం కాదు. మక్కా మసీదు ఆవరణలో ఇప్పటికీ నీడ గడియారం ఉంది. సూర్యుడు ఎటుంటే నీడ అటు. కీ ఇవ్వక్కర్లేదు, బ్యాటరీ వెయ్యక్కర్లేదు. కానీ మబ్బు పట్టిందంటే మాత్రం టైము తెలీదు.

1591లో కట్టిన చార్మినార్‌కి మూడు శతాబ్దాల పాటు గడియారమే లేదు. నాలుగు దిక్కులా నాలుగు గడియారాలు అమర్చింది 1889లో. ఆ తర్వాత మూడేళ్లకే, 1892లో, నిజాం ప్రధాని ఆస్మాన్ జా లాడ్‌బజార్‌కి దగ్గర్లోని మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. చేతికి వాచీ లేని సామాన్యుడికి ఇవే ఆధారం. దుకాణం తెరవాలన్నా, కచేరీకి వెళ్లాలన్నా తలెత్తి చూడాల్సిందే.

ఇంకాస్త ముందుకెళితే ఫిసల్‌బండ. ఖగోళమంటే ప్రాణమిచ్చే నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో అక్కడున్న తన ఎస్టేటులో నక్షత్రశాలకి పునాది వేశాడు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. ఆకాశపటం గీయడానికి ప్రపంచ దేశాలన్నీ కలిసి చేపట్టిన బృహత్కార్యంలో ఈ నక్షత్రశాల కూడా పాలుపంచుకుని ఏడు లక్షలకు పైగా నక్షత్రాల లెక్క తేల్చింది. ఆ రోజుల్లో కచ్చితమైన టైము కావాలన్నా ఆకాశంవైపే చూడాలి. ఫలానా నక్షత్రం నడినెత్తికి ఎప్పుడొచ్చిందో చూసి గడియారం సరిచేసుకునేవారు.

విచిత్రం ఏంటంటే... వందేళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. ఇప్పటి పెట్టె కూడా టైము కోసం ఆకాశంవైపే చూస్తుంది. కాకపోతే నక్షత్రాల బదులు ఉపగ్రహాలు!

పదహారు నిమిషాల కథ

మక్కా మసీదు నీడ గడియారం మధ్యాహ్నం పన్నెండు చూపించినప్పుడు మీ చేతి గడియారం చూసుకోండి. చాలా రోజుల్లో అది పన్నెండు దాటి ఉంటుంది. రెండిట్లో ఏది తప్పు? ఏదీ కాదు!

మన దేశానికంతటికీ ఒకే టైము, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రేఖ తుని దగ్గర్లోంచి పోతుంది. హైదరాబాద్ అక్కడికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. అంటే సూర్యుడు తుని నడినెత్తికి వచ్చిన 16 నిమిషాలకి గానీ చార్మినార్ మీదికి రాడు. దానికితోడు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, కాస్త వంగి కూడా ఉంటుంది. అందుకే నవంబరు మొదట్లో ఇక్కడ అసలైన మధ్యాహ్నం దాదాపు 12 గంటలకే అయిపోతే, ఫిబ్రవరి రెండో వారంలో 12:30 అవుతుంది.

ఇఫ్తార్ వేళలు ఊరూరికీ మారేదీ, పంచాంగంలో సూర్యోదయం విశాఖకి ఒకటీ హైదరాబాద్‌కి ఒకటీ ఉండేదీ ఇందుకే. విశాఖకీ హైదరాబాద్‌కీ మధ్య సూర్యుడి ప్రయాణం సుమారు 19 నిమిషాలు మరి!

ఒకప్పుడు ఏ ఊరికి ఆ ఊరి టైమే చెల్లుబాటయ్యేది. రైళ్లు వచ్చాక ఆ పప్పులుడకలేదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు మార్గం పడింది. అప్పట్లో రైళ్లన్నీ మద్రాసు టైము పాటించేవి. అది హైదరాబాద్ సూర్యుడి కంటే ఏడు నిమిషాలు ముందుండేది. 1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ ఒకే టైము వచ్చినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైముని వదల్లేదు. మనుషులనే ఒక టైముకి ఒప్పించడానికి అన్నేళ్లు పట్టింది. ఇప్పుడు యంత్రాల వంతు.

పెట్టెలో ఏముంది?

పైకి చూస్తే పాతకాలం వీసీఆర్‌లా ఉంటుంది. ముందువైపు చిన్న తెర, రెండు మూడు దీపాలు. వెనక నెట్‌వర్క్ తీగలకి రంధ్రాలు, కరెంటు సాకెట్లు, మిద్దె మీది యాంటెన్నా తీగ కోసం గుండ్రటి కనెక్టరు. లోపల ఉపగ్రహ సంకేతాలు అందుకునే రిసీవరు, ఓ కంప్యూటరు బోర్డు, అన్నిటికన్నా ముఖ్యంగా ఓ స్ఫటికం. మన చేతి గడియారంలో ఉండేలాంటి క్వార్ట్జ్ స్ఫటికమే, కానీ దీనికి రాజభోగం. వేడి మారితే స్ఫటికం లయ తప్పుతుంది కాబట్టి దాన్ని చిన్న వెచ్చటి గదిలో పెట్టి ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత ఉండేలా చూస్తారు. ఖరీదైన పెట్టెల్లో అయితే రుబీడియం అణు గడియారమే ఉంటుంది.

పెట్టె వెడల్పు 19 అంగుళాలే ఎందుకు? అదో సంప్రదాయం. 1920ల్లో అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రిలేలు బిగించడానికి వాడిన ఇనుప చట్రాల వెడల్పు అది. రిలేలు పోయాయి, ఎక్స్ఛేంజీలు మారాయి, చట్రం కొలత మాత్రం ఉండిపోయింది. ఎత్తు కొలత ‘యూ’. ఒక యూ అంటే ఒకటీ ముప్పావు అంగుళం. మామూలు ర్యాకులో ఇలాంటివి 42 అరలుంటాయి. టైము పెట్టెకి ఒక్క అర చాలు.

ముందు మిద్దె మీదికి...

పెట్టె తెచ్చాం కదా అని నేరుగా ర్యాకులో తోసేస్తే కుదరదు. అసలు పని మిద్దె మీద మొదలవుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చేసరికి సంకేతం మహా బలహీనంగా ఉంటుంది. పాతబస్తీలో డంగు సున్నంతో కట్టిన మూడడుగుల గోడలు దాటి లోపలికి రాలేదు. కిటికీ పక్కన పెడితే సగం ఆకాశమే కనిపిస్తుంది. కాబట్టి చుట్టూ ఆకాశం కనిపించే చోటు వెతకాలి. నీళ్ల ట్యాంకు, పక్కింటి కొత్త అంతస్తు, సెల్ టవరు... ఏదీ అడ్డు రాకూడదు. ఒక గోడ ఇంకో గోడని ఆనుకునే గల్లీల్లో సగం రోజు ఈ చోటు వెతకడానికే సరిపోతుంది. ఇవాళ ఖాళీగా ఉన్న పక్క మిద్దె మీద ఏడాది తిరిగేలోపు మరో అంతస్తు లేవదన్న భరోసా కూడా లేదు.

యాంటెన్నా శంకువు ఆకారంలో ఉంటుంది. అందం కోసం కాదు... పక్షులు దాని మీద కూర్చోకుండా! పావురాల గుంపులుండే చార్మినార్ చుట్టుపక్కల ఆ జాగ్రత్త మరీ అవసరం. ఇక సంక్రాంతికి పాతబస్తీ మిద్దెలన్నీ పతంగుల మైదానాలే. మాంజా చుట్టుకున్నా, పతంగి కోసం పరిగెత్తే పిల్లల కాలికి తీగ తగిలినా కష్టమే. అందుకే తీగని గొట్టంలో వేసి గోడకి గట్టిగా బిగిస్తారు.

తర్వాత పిడుగు భయం. మిద్దె మీద ఇనుప కడ్డీకి యాంటెన్నా పెట్టి, దాని తీగని నేరుగా లోపలికి తెస్తే పిడుగుకి దారి చూపించినట్టే. తీగ ఇంట్లోకి దిగేచోట ఓ రక్షణ పరికరం బిగించి దాన్ని ఎర్తింగ్‌కి కలుపుతారు. గోడ రంధ్రంలోకి వెళ్లే ముందు తీగని ఓసారి కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పుతారు. ఎందుకంటే, వాననీరు తీగ వెంబడి లోపలికి పోకుండా ఆ వంపు దగ్గర కారిపోవాలి. అనుభవజ్ఞులు దీన్ని మరిచిపోరు. కొత్తవాళ్లు మొదటి వానాకాలంలో నేర్చుకుంటారు!

తీగ పొడవూ లెక్కలోకే వస్తుంది. సంకేతం ఒక మీటరు తీగలో ప్రయాణించడానికి దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. 30 మీటర్లయితే 150 నానోసెకన్లు. సెకనులో వందకోట్లో వంతు నానోసెకను. సీసీ కెమెరాకి అది లెక్కలోది కాదు. మొబైలు టవర్లకి మాత్రం పట్టింపే. 5జీ టవర్ల మధ్య టైము తేడా సెకనులో పది లక్షలో వంతుకి మూడు రెట్లు దాటకూడదు. దాటితే ఒకదాని మాట మీద ఇంకొకటి మాట్లాడినట్టవుతుంది. ఆ పది లక్షలో వంతు సమయంలో వెలుగు వెళ్లేది కేవలం 300 మీటర్లు!

ర్యాకు దగ్గర కొలువు

ఇక లోపలి పని. బరువైన యూపీఎస్, బ్యాటరీలు ర్యాకు అడుగున ఉండాలి. తేలికపాటి పెట్టెలు పైన. తలబరువైతే ర్యాకు ముందుకి వాలిపోతుంది. టైము పెట్టె తేలికే అయినా ఇద్దరు ఉండాల్సిందే. ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు చెవుల్లాంటి అంచులకి మరలు బిగిస్తారు. ముందుగా చట్రం చదరపు రంధ్రాల్లో చిన్న నట్లు ఎక్కించాలి. అరకి మూడు రంధ్రాలుంటాయి. ఒక్క రంధ్రం అటూ ఇటూ అయితే పెట్టె పక్క అరలోకి చొచ్చుకుపోయి ఇంకొకదానికి చోటు లేకుండా చేస్తుంది. వేలెడంత నట్టు దగ్గర గంటసేపు కుస్తీ పట్టని ఇంజినీరు లేడంటే అతిశయోక్తి కాదు.

తర్వాత గాలి. చల్లగాలి ముందు నుంచి లోపలికి, వేడి వెనక నుంచి బయటికి. మే నెలలో హైదరాబాద్ ఎండ తెలిసిందేగా. వెనక తలుపుకి ఆనించి అట్టపెట్టెలు పేర్చారంటే ర్యాకు కుంపటే.

పెట్టెకి రెండు కరెంటు తీగలుంటే రెంటినీ ఒకే ప్లగ్ బోర్డులో గుచ్చడం అందరూ చేసే పొరపాటు. ఆ బోర్డు పోతే రెండూ పోతాయి. ఒకటి ఒక యూపీఎస్‌కీ, రెండోది ఇంకో లైనుకీ ఇవ్వాలి. పెట్టె ఒంటికి పచ్చ తీగతో ఎర్తింగ్ తప్పనిసరి.

ఇప్పుడు స్విచ్ వేస్తే... ముందు ఎర్ర దీపం. కంగారు పడక్కర్లేదు. పెట్టె ఆకాశంలో తన నేస్తాల్ని వెతుక్కుంటోంది. ‘నేనెక్కడున్నాను?’ అన్నది తేల్చుకోవడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. గంటల తరబడి కొలతలు తీసి, సగటు గట్టి, తన చిరునామా ఖరారు చేసుకుంటుంది. ఆ తర్వాత ఒక్క ఉపగ్రహం కనపడినా టైము చెప్పగలదు. అప్పుడు వెలుగుతుంది పచ్చ దీపం!

తిరకాసంతా సెట్టింగుల్లోనే

మరలు బిగించడం ఒక ఎత్తు, సెట్టింగులు ఒక ఎత్తు. ల్యాప్‌టాప్ తగిలించి పెట్టెకి నెట్‌వర్క్ చిరునామా ఇవ్వాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు వెంటనే మార్చాలి. అది ఆ కంపెనీ పుస్తకం చదివిన ప్రతివాడికీ తెలుసు మరి. టైము పెట్టెని ఎవరైనా చేజిక్కించుకుంటే దాన్ని నమ్ముకున్న యంత్రాలన్నిటినీ బోల్తా కొట్టించొచ్చు. లాకర్ గది తలుపు గడియారం అరగంట జరిగిందంటే చాలదూ! అందుకే అవసరం లేని దారులన్నీ మూసేసి, టైము అడగడానికి వాడే 123 నంబరు ద్వారం ఒక్కటే తెరిచి ఉంచుతారు. అదీ సొంత నెట్‌వర్క్‌లోని యంత్రాలకే.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు అయిదున్నర గంటలది. ఈ పెట్టె పంచేది భారత కాలమానం కాదు, ప్రపంచ కాలమానం. దానికి అయిదున్నర గంటలు కలుపుకోవడం అడిగిన యంత్రం పని. ఇది తెలియక పెట్టెలోనూ కలిపి, కెమెరాలోనూ కలిపారంటే రాత్రి 8 గంటల దృశ్యం మీద అర్ధరాత్రి దాటి 1:30 అని పడుతుంది. కొన్ని కెమెరా రికార్డర్లు ఫ్యాక్టరీ నుంచి చైనా టైముతో వస్తాయి. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందు. అది మార్చకపోతే ఎంత గొప్ప టైము పెట్టె ఉన్నా ఫలితం సున్నా.

ఇంకో ముచ్చట. భూమి తిరుగుడు అణు గడియారమంత నిలకడగా ఉండదు. అందుకని 1972 నుంచి అప్పుడప్పుడూ ప్రపంచ గడియారానికి ఒక్కో సెకను కలుపుతూ వచ్చారు. ఇప్పటికి 27 సార్లు. చివరిది మనకి 2017 జనవరి 1 తెల్లవారుజామున వచ్చింది. 5:29:59 తర్వాత 5:30:00 రావాలి కదా... ఆ రోజు మధ్యలో 5:29:60 అనే సెకను వచ్చింది! జీపీఎస్ గడియారం 1980 నుంచి ఈ అదనపు సెకన్లు పట్టించుకోదు కాబట్టి ఇప్పుడది ప్రపంచ కాలమానం కంటే 18 సెకన్లు ముందుంది. ఆ తేడాని పెట్టె తనే తీసేయాలి. ఈ సెకన్లతో కంప్యూటర్లు పడుతున్న పాట్లు చూసి, 2035లోపు ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో దేశాలన్నీ కలిసి తీర్మానించాయి.

ఉత్తరం రాసి అడిగినట్టు...

సరే, పెట్టె దగ్గర టైముంది. కెమెరాకి చేరేదెలా? దారిలో ఆలస్యమవుతుంది కదా! దానికో చక్కటి కిటుకుంది.

కెమెరా తన గడియారంలో సరిగ్గా 10:00:00కి ‘టైమెంత?’ అని ఉత్తరం రాసిందనుకుందాం. పెట్టె దాన్ని అందుకుని ‘10:05:02’ అని ముద్ర కొట్టి వెంటనే తిప్పి పంపింది. జవాబు చేరేసరికి కెమెరా గడియారంలో 10:00:04 అయింది. రానూపోనూ నాలుగు సెకన్లు. పోవడానికి రెండు, రావడానికి రెండు. అంటే పెట్టె దగ్గర 10:05:02 అయినప్పుడు కెమెరాలో 10:00:02. సరిగ్గా అయిదు నిమిషాలు వెనక! నిజంగా అయితే ఈ రాకపోకలు సెకనులో వెయ్యో వంతు లెక్కలో జరుగుతాయి. పోయే దారీ వచ్చే దారీ సమానంగా ఉంటేనే ఈ లెక్క నప్పుతుంది. ఇంటర్నెట్లో అలా ఉండదు కాబట్టే అతి కచ్చితత్వం కావాల్సిన చోట పెట్టెని ఆ భవనంలోనే పెట్టుకుంటారు.

తప్పు చిన్నదైతే గడియారాన్ని ఒక్కసారిగా దూకించరు. కాస్త వేగం పెంచో తగ్గించో మెల్లగా దారికి తెస్తారు. లేకపోతే రికార్డులో కొన్ని క్షణాలు మాయమవుతాయి, లేదా రెండుసార్లు వస్తాయి.

ఈ పద్ధతికి రూపకల్పన చేసింది అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్. 1985లో తొలి రూపం వెలువడింది. పుట్టుకతోనే గ్లకోమా ఉన్న ఆయన చివరి సంవత్సరాల్లో పూర్తిగా చూపు కోల్పోయారు. 2024 జనవరిలో కన్నుమూశారు. గడియారం ముల్లు కూడా చూడలేని స్థితిలో ఉన్న మనిషి ఆలోచన ప్రకారమే ఇవాళ ప్రపంచంలో కోట్ల గడియారాలు నడుస్తున్నాయి.

ఆకాశం తప్పు చెబితే?

2016 జనవరి 26. ఓ ముసలి జీపీఎస్ ఉపగ్రహాన్ని పక్కన పెడుతున్నారు. ఆ పనిలో జరిగిన పొరపాటు వల్ల కొన్ని ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్ల తప్పు టైము ప్రసారం చేశాయి. సెకనులో లక్షో వంతు కంటే కాస్త ఎక్కువ. అంతే! ప్రపంచంలో చాలాచోట్ల టెలికాం కేంద్రాల్లో అలారాలు మోగిపోయాయి.

కాబట్టి ఒకే ఆధారాన్ని గుడ్డిగా నమ్మకూడదు. రెండు గడియారాలుంటే, అవి తేడాగా చెప్పినప్పుడు ఏది తప్పో తెలీదు. మూడుంటే రెండు కలిసి ఒకదాని తప్పు పట్టేస్తాయి. నాలుగుంటే ఒకటి పాడైపోయినా నిశ్చింత. అందుకే పెట్టె పెట్టాక చివరి పరీక్ష యాంటెన్నా తీగ పీకి చూడటం. ఆకాశం మూగబోయినా లోపలి స్ఫటికం ఎంతసేపు లయ తప్పకుండా నడిపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఈ పరీక్ష చేయకుండా ఇచ్చిన పెట్టె, బ్రేకులు చూసుకోకుండా తెచ్చిన బండి లాంటిది.

పరాయి దేశం ఉపగ్రహాల మీదే ఎందుకు ఆధారపడాలన్న ఆలోచనతో ఇస్రో ‘నావిక్’ వ్యవస్థకి శ్రీకారం చుట్టింది. 2013 జులైలో మొదటి ఉపగ్రహం వెళ్లింది. దానిలోని మూడు విదేశీ రుబీడియం గడియారాలూ మొరాయించాయి. ఆ పాఠంతో మనవాళ్లు సొంతంగా తయారు చేసిన రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో నింగికెగసింది.

చట్టమూ అడుగుతోంది

దేశం మొత్తానికి అసలు టైము కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, అంటే ఎన్‌పీఎల్. అక్కడి సీజియం అణు గడియారాలే మన కాలానికి తల్లి. కంపెనీలూ, డేటా కేంద్రాలూ, ప్రభుత్వ కార్యాలయాలూ తమ యంత్రాల గడియారాల్ని ఎన్‌పీఎల్ లేదా ఎన్‌ఐసీ టైముతో, లేదా వాటితో సరిపోలే ఆధారంతో కలపాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. సైబర్ దాడి జరిగితే ఏ యంత్రంలో ఏం ఎప్పుడు జరిగిందో వరుస తెలియాలి కదా! అన్నిచోట్లా భారత కాలమానమే వాడేలా నిబంధనల ముసాయిదాని కేంద్రం 2025 జనవరిలో ప్రజల ముందు పెట్టింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టుకి ఇవ్వాలంటే ఆ పరికరం సక్రమంగా పనిచేసిందని ధ్రువపత్రం జతచేయాలి. గడియారం పాతిక నిమిషాలు తప్పున్న పరికరం సక్రమంగా పనిచేసినట్టేనా? తీరిగ్గా ఉన్నప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. కోర్టు బోనులో నిలబడ్డాక కాదు.

మీ ఇంటి కెమెరా టైమెంత?

చిన్న దుకాణానికో, అపార్ట్‌మెంటుకో ఇంత పెద్ద పెట్టె అక్కర్లేదు. అయిదు నిమిషాల పని చాలు.

* ఫోనులో ఆటోమేటిక్ టైము ఆన్‌లో పెట్టి, దాన్నీ కెమెరా తెర మీది టైమునీ పక్కపక్కన చూడండి. తేదీ, ఏఎం-పీఎం కూడా సరిచూడండి.

* రికార్డరు సెట్టింగుల్లో టైమ్ జోన్ ‘ప్లస్ 5:30’ ఉందో లేదో చూడండి. 8:00 ఉంటే అది చైనాది.

* ‘ఎన్‌టీపీ’ అనే చోట టిక్ పెట్టి, ఎన్‌ఐసీ వారి ‘సమయ్’ సర్వరుగానీ ఎన్‌పీఎల్ సర్వరుగానీ చిరునామాగా ఇస్తే ఇంటర్నెట్ ద్వారా తనే సరిచేసుకుంటుంది.

* కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. మార్పించండి.

* ఏదైనా ఘటన జరిగాక టైము తప్పని తెలిస్తే వెంటనే సరిచేయకండి. ముందు ఎంత తేడా ఉందో ఫోను పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. పాత దృశ్యాలు అర్థం కావడానికి ఆ తేడానే తాళంచెవి.

* * *

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఓ సంగీత గడియారం ఉంది. కుక్ అండ్ కెల్వీ వారిది. గంట కొట్టే వేళ దగ్గర పడగానే పిల్లలూ పెద్దలూ దాని ముందు చేరిపోతారు. గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పక్కన కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి వేస్తూనే ఉంటుంది. అందరి చూపూ గంట కొట్టే బొమ్మ మీదే. కమ్మరిని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ర్యాకులోని పెట్టె ఆ కమ్మరి లాంటిది. దాని ముందు ఎవరూ గుమిగూడరు. పిల్లలు చప్పట్లు కొట్టరు. ఓ చీకటి గదిలో పచ్చ దీపం వెలిగించుకుని సెకనుకో దెబ్బ వేస్తూ కూర్చుంటుంది. కానీ ఏదో ఒక రోజు ఎవరో ఒక నీలం చొక్కా కుర్రాడు ‘ఆ టైముకి నేనక్కడ లేను సార్’ అన్నప్పుడు, అతని మాట నిజమని చెప్పగలిగేది అదొక్కటే.